తెర అంచుబొమ్మల సేకరణ : ఒక విమర్శ

పటము కట్టువాడు చట్రమును చేయునపుడు లోపలి బొమ్మను చూచి చేయును. బొమ్మ లేని చట్రమును గోడకు తగిలింపవచ్చును గాని, అది దేనికొరకు చేయబడినదో చూచువానికి తెలియదు. వీడియో ఆటల విషయమున ఇట్టి బొమ్మ లేని చట్రములను పోగుచేయు అభిరుచి ఒకటి కొందరిలో బలపడినది. చేతిలో పట్టుకొని ఆడు 'గేమ్ బాయ్' అను యంత్రపు కార్ట్రిడ్జిలలో దాగియున్న అలంకార చిత్రములను వెలికితీసి, ఒకచోట చేర్చి, పేరుపెట్టి భద్రపరచుట వీరి పని. పైకి ఇది పిల్లల వ్యాపకమువలె కనిపించును. కాని ఈ బొమ్మలను గీసినవారి పేర్లు సాధారణముగా విడిగా ఎచ్చటను ప్రకటింపబడలేదు. వానిని చూపిన పరికరముల తయారీ ఆగిపోయి చాలకాలమైనది. కావున సేకర్తలు దాచినదే రేపటివారికి మిగులును. వారు దాచుచున్నది అసలు వస్తువునా, లేక దాని నీడనా అన్నదే ఇచ్చట విచారింపవలసిన ప్రశ్న.

అంచునకు చోటు దొరకిన విధము

జపానులోని నింటెండో సంస్థ గేమ్ బాయ్‌ను 1989 ఏప్రిల్‌లో విడుదల చేసినది. దాని తెరయందు అడ్డముగా 160, నిలువుగా 144 పిక్సెళ్ళు కలవు. పిక్సెల్ అనగా బొమ్మను కూర్చు మిక్కిలి చిన్న చుక్క. ఒక్కొక్క చుక్క నాలుగు ఛాయలలో ఏదో యొకదానిని మాత్రమే చూపగలదు. వేరు రంగులు లేవు. టెలివిజనునకు తగిలించి ఆడు మరియొక యంత్రమును అదే సంస్థ 1990లో జపానునందు 'సూపర్ ఫామికామ్' అను పేరను, 1991లో అమెరికాలో 'సూపర్ నింటెండో' అను పేరను విడుదల చేసినది. ఈ రెంటికిని వంతెనగా 1994 జూన్‌లో 'సూపర్ గేమ్ బాయ్' అను పరికరము వచ్చినది. ఇది చూచుటకు పెద్ద కార్ట్రిడ్జివలె నుండును. దాని నెత్తిమీది సందులో గేమ్ బాయ్ కార్ట్రిడ్జిని గ్రుచ్చి, మొత్తమును సూపర్ నింటెండోలో అమర్చినచో చేతిలోని ఆట టెలివిజనుమీద కనబడును. గేమ్ బాయ్‌లో పనిచేయు ప్రాసెసరువంటిదే ఈ పరికరములోను ఉన్నది గనుక ఇది ఆటకు అనుకరణ కాదు, ఆటయే.

ఇచ్చట నొక చిక్కు ఎదురైనది. సూపర్ నింటెండో చిత్రము 256 పిక్సెళ్ళ వెడల్పు, 224 పిక్సెళ్ళ ఎత్తు గలది. 160కి 144 గల బొమ్మను దాని నడుమ నుంచినచో కుడియెడమల 48 చొప్పునను, పైనను క్రిందను 40 చొప్పునను పిక్సెళ్ళు మిగిలిపోవును. మొత్తము 57,344 చుక్కలలో ఆటకు చెందినవి 23,040 మాత్రమే. మిగిలిన 34,304 చుక్కలు, అనగా నూటికి దాదాపు 60 వంతులు, ఖాళీ. బొమ్మను తెర నిండునట్లు సాగదీయుదమన్నను కొన్ని చుక్కలు లావుగాను, కొన్ని సన్నముగాను అయి రూపము చెడును. అందుచే ఖాళీని నల్లగా విడుచుటకు బదులు బొమ్మలతో నింపు మార్గమును నిర్మాతలు ఎన్నుకొనిరి. పరికరములోనే 9 అంచుబొమ్మలు కలవు. ఆటగాడు తనకు నచ్చినదానిని ఎంచుకొనవచ్చును. కుంచెవంటి గుర్తుతో తానే గీసికొనవచ్చును. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి. ఆటలను తయారుచేయువారు తమ కార్ట్రిడ్జిలోనే తమ ఆటకు తగిన అంచుబొమ్మను పొందుపరచుటకు వీలు కలిగినది. సేకర్తలు ఎక్కువగా వెదకునవి ఈ రెండవ తెగవే.

తెర చుట్టును అలంకారము

తెరచుట్టును బొమ్మలు వేయుట 1994లో క్రొత్తగా పుట్టినది కాదు. 1972లో వచ్చిన 'మాగ్నవాక్స్ ఒడిస్సీ' అను యంత్రము వెలుగుచుక్కలను, గీతను మాత్రమే చూపగలిగినది. మిగిలిన దృశ్యమంతయు టెలివిజను అద్దమునకు అంటించు రంగుల ప్లాస్టిక్ రేకుమీద అచ్చువేయబడి యుండెడిది. 1982నాటి 'వెక్ట్రెక్స్' యంత్రమునకును ఇట్టి రేకులే రంగు నిచ్చినవి. గేమ్ బాయ్ రూపకల్పనలో ప్రముఖుడైన గున్‌పెయ్ యొకోయ్ అంతకుముందు 1980లో ప్రవేశపెట్టిన 'గేమ్ అండ్ వాచ్' ఆటలలో చెట్లు, ఇండ్లు మొదలైనవి తెరపై ముద్రింపబడిన బొమ్మలే. కాసులు వేసి ఆడు ఆర్కేడ్ యంత్రములకు తెరచుట్టును గల అట్టలు, అద్దములు, పెట్టె ప్రక్కలు కూడ చిత్రములతో నిండియుండెడివి.

యంత్రము చూపలేనిదానిని అచ్చుబొమ్మ పూరించుట ఈ సంప్రదాయపు సారము. సూపర్ గేమ్ బాయ్ ఈ సంప్రదాయమునకు వారసురాలు. తేడా యొక్కటే. పూర్వపు అలంకారము కాగితముమీదనో, ప్లాస్టిక్‌మీదనో ఉండెడిది. ఈ అలంకారము అంకెలుగా మారి ఆటతోపాటు ఒకే చిప్‌లో నిలిచినది. ప్లాస్టిక్ రేకు పోయినచో పోయినట్లు యజమానికి తెలియును. అంకెల రూపములోని బొమ్మ తనయొద్ద ఉన్నట్లు కూడ తెలియక పోవచ్చును. గేమ్ బాయ్‌లో మాత్రమే ఆడినవారు తమ చేతిలోని కార్ట్రిడ్జియందు ఒక రంగుల బొమ్మ కలదని ఎరుగరు. 1998లో వచ్చిన గేమ్ బాయ్ కలర్ యంత్రము సైతము ఈ బొమ్మను చూపదు.

బొమ్మ ప్రయాణము

అంచుబొమ్మ కార్ట్రిడ్జినుండి టెలివిజనువరకు చేరు మార్గము మిక్కిలి చిత్రమైనది. గేమ్ బాయ్ ప్రోగ్రాము సూపర్ నింటెండోతో మాటాడుటకు వేరుగా తీగ లేదు. ఆటగాడు నొక్కు మీటలను తెలిసికొనుటకై ఏర్పరచిన మార్గమునే ఎదురుగా వాడుకొని, 16 బైట్ల పొట్లములుగా ఆజ్ఞలు పంపబడును. కాని బొమ్మవంటి పెద్ద సరకును ఈ సన్నని దారిలో పంపుట ఆలస్యము. అందుచే నిర్మాతలు ఒక ఉపాయము పన్నిరి. గేమ్ బాయ్ ప్రోగ్రాము బొమ్మకు సంబంధించిన అంకెలనే తన తెరమీద చిత్రముగా పరచును. నాలుగు ఛాయలలో ఒక్కొక్క చుక్క రెండు బిట్ల సమాచారమును మోయగలదు. కావున 16,384 చుక్కలలో 4,096 బైట్లు ఇముడును. పరికరము ఆ చిత్రమును చుక్క తరువాత చుక్కగా చదివి అంకెలను తిరిగి కూర్చుకొనును. ఈ గజిబిజి ఆటగానికి కనబడకుండ అంతకుముందు చూపిన దృశ్యమునే నిలిపియుంచు ఆజ్ఞ ముందుగా పంపబడును. పూర్తి అంచుబొమ్మకు ఇట్టి రహస్య చిత్రములు మూడు చాలును: రెండు పలకలకొరకు, ఒకటి వాని అమరికకును రంగులకును.

పలక అనగా అడ్డము 8, నిలువు 8 చుక్కలు గల చదరము. పూర్తి తెర 32 వరుసల వెడల్పు, 28 వరుసల ఎత్తు గల 896 పలకల అమరిక. నడుమ ఆటకు 360 చోట్లు విడువగా అంచునకు 536 చోట్లు మిగులును. కాని వేరువేరు పలకలు 256కు మించరాదు. అధికారిక నియమము ప్రకారము రంగులకు మూడు పట్టికలు. పట్టికకు 16 రంగులు గాని, అందు మొదటిది పారదర్శకము. మొత్తము లెక్కించినచో పలకలకు 8,192 బైట్లు, అమరికకు 1,792 బైట్లు, రంగులకు 96 బైట్లు, వెరసి 10,080 బైట్లు. గేమ్ బాయ్‌తో ప్రసిద్ధికెక్కిన 'టెట్రిస్' ఆట మొత్తము 32,768 బైట్లలో ఇమిడినది. ఒక్క అంచుబొమ్మకు అందులో మూడవ వంతునకు దగ్గరగా చోటు కావలెనన్నమాట. పిట్ట కొంచెము కూత ఘనము అన్నట్లు, ఈ కొంచెము చోటులోనే చిత్రకారుడు తన పనితనమును చూపవలసి వచ్చినది.

మంచి అంచు ఏది?

536 చోట్లకు 256 పలకలు అన్నపుడు, సగటున ప్రతి పలకయు రెండుమారులు రావలెను. పలకను కుడియెడమలుగాను, తలక్రిందులుగాను త్రిప్పి వాడుట అనుమతింపబడినది. చీర అంచు నేయు సాలె ఒక్క పువ్వునే బారునకు బారు ఎట్లు నడిపించునో, అంచుబొమ్మ గీయువాడును అట్లే ఒక మూలను నాలుగు మూలలుగా, ఒక ఇటుకను గోడగా, ఒక ఆకును తీగగా చేయవలెను. ఈ నిర్బంధమును ఒప్పుకొని గీసిన అంచులు నేటికిని కంటికి ఇంపుగా నున్నవి. దీనిని దాచుటకై పెద్ద బొమ్మను ఒక మూల ఇరికించి, మిగిలిన మూడు వైపులను ఒకే రంగుతో పూసి వదలినవి తేలిపోయినవి. ఆట పేరును దట్టమైన రంగులతో పైన వ్రాసి ఊరకున్న అంచులు ప్రకటన పలకలకంటె మేలు కావు. అవి ఆడువాని చూపును నడిమి ఆటనుండి లాగివేయును. చట్రమునకు అంతకు మించిన దోషము లేదు.

మంచి అంచునకు ఉదాహరణముగా 1994లోనే వచ్చిన 'డాంకీ కాంగ్'ను చెప్పవచ్చును. సూపర్ గేమ్ బాయ్‌ను దృష్టిలో నుంచుకొని చేయబడిన మొదటి ఆట యిది. దీని అంచుబొమ్మ 1981నాటి ఆర్కేడ్ యంత్రపు పెట్టెను అనుసరించి గీయబడినది. ఆట సైతము పాత ఆర్కేడ్ ఆటలోని నాలుగు ఘట్టములతో ప్రారంభమై, తరువాత క్రొత్త ఘట్టములలోనికి విస్తరించి మొత్తము 101 అగును. అనగా ఆడువాడు మొదట పాత పెట్టెయెదుట నిలిచినట్లు భావించును. నాలుగు ఘట్టములు దాటినపిమ్మట ఆ పెట్టెలో నెన్నడును లేని లోకమును చూచును. ఈ అర్థము అంచులో మాత్రమే లేదు, ఆటలో మాత్రమే లేదు. రెంటి కూడికలో నున్నది. నడిమి ఆటను తొలగించి అంచును మాత్రమే చూపినచో మిగులునది ఒక పెట్టె బొమ్మ. సేకరణపై ప్రధానమైన ఆక్షేపణ ఇచ్చటనే మొదలగుచున్నది.

సేకరణలోని లోపములు

సేకర్తలు అంచుబొమ్మను సాధారణముగా 256కి 224 చుక్కలు గల చిత్రముగా నిలువచేసి, నడిమి కిటికీని నల్లగానో పారదర్శకముగానో విడుతురు. కొలత సరియైనదే. కాని అది టెలివిజనుమీద కనబడిన ఆకారము కాదు. జపాను, అమెరికా దేశముల పాత టెలివిజను పద్ధతిలో సూపర్ నింటెండో చుక్క చదరము కాదు. దాని వెడల్పు ఎత్తులు 8కి 7 నిష్పత్తిలో నుండును. కావున నేటి కంప్యూటరు తెరమీద 56 చుక్కల వ్యాసముతో గుండ్రముగా కనబడు చక్రము, నాటి ఇంటి టెలివిజనుమీద 64 చుక్కల వెడల్పు, 56 చుక్కల ఎత్తు గల కోడిగ్రుడ్డువలె కనబడినది. చిత్రకారుడు దీనిని లెక్కలోనికి తీసికొని గీసెనా లేదా అన్నది ఒక్కొక్క బొమ్మనుబట్టి తేల్చవలసిన విషయము. రెండు ఆకారములను ప్రక్కప్రక్కన చూపని సేకరణ ఈ విచారణకే అవకాశమియ్యదు.

రెండవ లోపము రంగులది. సూపర్ నింటెండోలో ఎరుపు, ఆకుపచ్చ, నీలము ఒక్కొక్కదానికి 32 మెట్లు కలవు. మొత్తము 32,768 రంగులు. నేటి చిత్రములలో ఒక్కొక్కదానికి 256 మెట్లు. 0 నుండి 31 వరకు గల అంకెను 8చే గుణించి మార్చినచో అత్యధికము 248 మాత్రమే యగును. తెలుపు కొంచెము మాసినట్లుండును. 31ని 255గా గ్రహించి మిగిలినవానిని అదే దామాషాలో పెంచినచో తెలుపు తెలుపుగనే నిలుచును. రెండు పద్ధతులతో తీసిన చిత్రములు ఒకే సేకరణలో కలిసినపుడు ఒకే బొమ్మకు రెండు రూపములు ఏర్పడును. అది చిత్రకారుని భేదమా, గుణకారపు భేదమా చెప్పగలవారు ఉండరు.

మూడవది మరింత సూక్ష్మమైనది. అంచులోని పారదర్శకమైన చుక్కలగుండ వెనుకటి నేల రంగు కనబడును. ఆ రంగు స్థిరమైనది కాదు. ఆట తన రంగుల పట్టికలో మొదటి స్థానమునకు ఏ రంగును పంపునో అదియే నేల రంగగును. ఆటలో పగలు రాత్రి యైనపుడో, గుహలో అడుగిడినపుడో ఈ రంగు మార్చబడినచో, పారదర్శక స్థానములు గల అంచుకూడ దానితోపాటు మారును. ఒక్క క్షణమున తీసిన నిశ్చల చిత్రము ఈ సంబంధమును త్రెంచివేయును. కొన్ని ఆటలలో ఒకటికంటె ఎక్కువ అంచుబొమ్మలున్నవి. పరికరములోని సొంత అంచులలో కొన్ని, మీటలు నొక్కక కొంతసేపు ఊరకున్నచో కదలుట మొదలిడును. ఇట్టివానికి ఒక్క చిత్రముతో సరిపెట్టుట న్యాయము కాదు.

నాలుగవ లోపము జాబితాలది. కార్ట్రిడ్జి ప్రారంభమున హెక్సాడెసిమల్ లెక్కలో 0146 అను స్థానమున 03 అను అంకెయు, 014బి అను స్థానమున 33 అను అంకెయు ఉన్నచో, ఆ ఆట సూపర్ గేమ్ బాయ్ సౌకర్యములను వాడుకొనగలదని అర్థము. ఈ గుర్తును చూచి అంచుబొమ్మ కలదని వ్రాసికొనుట తొందరపాటు. ఆట రంగులను మాత్రమే వాడుకొని అంచును వదలివేసి యుండవచ్చును. బొమ్మలు తరచుగా కుదించిన రూపములో నుండుటచే చిప్‌ను చదివినంతమాత్రమున అవి బయటపడవు. ఆటను నడిపి, అంచు నిజముగా వచ్చుటను కన్నులార చూచినపుడే పట్టికలో చేర్చవలెను.

చివరిది, అన్నిటికంటె ప్రమాదకరమైనది. 1993లో వచ్చిన 'లింక్స్ అవేకెనింగ్' సూపర్ గేమ్ బాయ్‌కంటె ముందుది గనుక దానికి అంచుబొమ్మ లేదు. 1998నాటి రంగుల ప్రతికి కలదు. అంచు లేని పాత ఆటలకు అభిమానులు తామే అంచులు గీసి కలుపుట నేడు పరిపాటియైనది. అందు కొన్ని మిక్కిలి అందముగా నున్నవి. అది తప్పు కాదు. కాని వానిని అసలు బొమ్మల ప్రక్కన గుర్తు లేకుండ నుంచుట తప్పు. చుక్కలను నునుపుచేసి, పెద్దవి చేసి, అసలు పరిమాణమును పారవేయుటయు అట్టిదే. శాసనపు అచ్చు తీయువాడు అరిగిన అక్షరమును తానే దిద్దినచో ఆ అచ్చును ఎవరును నమ్మరు గదా!

సేకర్తల పక్షమున

ఇన్ని చెప్పినను, ఒక మాట ఒప్పుకొనక తప్పదు. ఈ బొమ్మలను కాపాడుటలో వ్యాపార సంస్థలకంటె సేకర్తలే ముందున్నారు. 2003లో నింటెండోవారి 'గేమ్ బాయ్ ప్లేయర్' చేతి ఆటలను మరల టెలివిజనుపైకి తెచ్చినది. అది తన సొంత చట్రములను చూపినదే గాని, కార్ట్రిడ్జిలలోని పాత అంచులను చూపలేదు. 'పోకెమాన్' మొదటి ఆటలు 2016లో నింటెండో 3డిఎస్ యంత్రమునకై మరల విడుదలైనపుడును వాని అంచుబొమ్మలు కనబడలేదు. కొన్నవారికి ఆట దక్కినది, చట్రము దక్కలేదు. పోకెమాన్‌లలోనే 'గోల్డ్', 'సిల్వర్' ఆటలకు అంచులుండగా, వాని వెనుక 2000లో వచ్చిన 'క్రిస్టల్' గేమ్ బాయ్ కలర్‌లో మాత్రమే నడచునట్టిది గనుక అంచు లేదు. చేతి యంత్రమునకే రంగు వచ్చినపిమ్మట ఈ కళకు పని తగ్గినది. ఈ కళ ఆయుర్దాయము ఆరేడు సంవత్సరములు మాత్రమే. అట్టి అల్పాయువును గుర్తించి, ఎవరును జీతమియ్యకున్నను వెదకి తీసినవారి శ్రద్ధను మెచ్చుకొనవలెను. బి.జి.బి., ఎం.జి.బి.ఎ., సేమ్‌బాయ్ మొదలైన అనుకరణ ప్రోగ్రాములు నేడు అంచులను చూపగలుగుచున్నవన్న, అట్టి శ్రద్ధయే కారణము.

చేయవలసినది

పైని లోపములు తీర్చుట కష్టము కాదు. ప్రతి అంచుబొమ్మకును నాలుగు వస్తువులను కలిపి దాచవలెను. మొదటిది, పలకలు, అమరిక, రంగుల పట్టికలు అను అసలు అంకెలు. ఇవి 10,080 బైట్లకు మించవు. రెండవది, నడుమ ఆట నడచుచుండగా తీసిన చిత్రము, వీలైనచో ఒకటికంటె ఎక్కువ ఘట్టములలో. మూడవది, 8కి 7 నిష్పత్తితో సరిదిద్దిన రూపము. నాలుగవది, ఏ దేశపు ఏ ప్రతినుండి, ఏ సంవత్సరపు ముద్రణనుండి, ఏ ప్రోగ్రాముతో తీయబడినదో తెలుపు వివరము. అసలు అంకెలు ఉన్నచో, రేపు రంగులను మార్చు పద్ధతి మెరుగైనను బొమ్మను మరల కట్టుకొనవచ్చును. అవి లేక చిత్రము మాత్రమే ఉన్నచో, తీసినవాని పొరపాటే శాశ్వతమగును.

శాస్త్రజ్ఞుడు సీతాకోకచిలుకను పట్టి దాచునపుడు రెక్కల అందముతో తృప్తిపడడు. పట్టిన చోటు, తేదీ, వాలియున్న మొక్క పేరు చిన్న చీటీమీద వ్రాసి క్రింద గ్రుచ్చును. ఆ చీటీ లేని సీతాకోకచిలుక గదికి అలంకారమే గాని విజ్ఞానమునకు పనికిరాదు. అంచుబొమ్మల సేకర్తలు రెక్కలను జాగ్రత్తగనే దాచుచున్నారు. చీటీలు వ్రాయు పని మిగిలియున్నది. పాత పరికరములును, గాజు బుడ్డి టెలివిజనులును ఇంకను కొన్ని ఇండ్లలో పనిచేయుచుండగనే ఆ పని చేయవలెను. సరిచూచుకొనుటకు అవి తప్ప వేరు సాక్షులు లేవు.